ఎజైల్ అను మాట

మాదాపూరులో 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ కార్యాలయముల మాటలు మన వంటయిండ్లలోనికి సైతము వచ్చి చేరినవి. అందు నొకటి 'ఎజైల్'. "మాది ఎజైల్ పద్ధతి" అని కోడలు చెప్పగానే, "అనగా తొందరపని కాబోలు" నని అత్తగారు తలంచును. కోడలి పై యధికారులలోను కొంద రట్లే తలంచుచున్నారు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఈ విశేషణము లాటిను భాషలోని 'అగిలిస్' నుండి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషునకు వచ్చినది. దానికి మూలము తోలుట, నడపుట, చేయుట యను నర్థములుగల 'అగెరె' అను క్రియ. ఏజెంటు, అజెండా, యాక్టు అను మాటలు దీని తోబుట్టువులే. మన సంస్కృతమునందలి 'అజ్' ధాతువు దీనికి జ్ఞాతి. ఆ ధాతువునుండి పుట్టిన 'అజిర' శబ్దమునకు వేగముగల దనియు, ఇంటి ముంగిలి యనియు రెండర్థములు కలవు. తెల్లవారుజామున ముంగిట ముగ్గుపెట్టు చేతిని జూచినవారికి ఈ రెంటి పొందికయు వింతగా తోపదు.

కేవలము వడిగా పోవుదానిని ఎజైల్ అనరాదు. రైలుబండి ఫాస్టు, జవాబు క్విక్. పిల్లియు, జింకయు, నాట్యమాడు బాలికయు ఎజైల్. పోవుచున్న దిక్కునుండి చటుక్కున మరలగల లాఘవ మిందు ముఖ్యము. బుద్ధికిని ఈ మాట చెల్లును. తెలుగున 'చురుకు' కొంత దగ్గర, 'చలాకీ' ఇంకను దగ్గర. 'తొందర' మాత్రము కానే కాదు.

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున, స్నోబర్డు అను మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేరు నిపుణులు గూడి తమ పద్ధతికి ఈ పేరు పెట్టిరి. వారిలో స్త్రీ యొక్కతెయు లేదు! పని యంతయు ముగించి తుదకు చూపుటకు మారుగా, కొంచెము చేసి, చూపి, దిద్దుకొని ముందుకు సాగవలె నని వారి మతము. పులుసు దింపకమున్నే ఉప్పు చూచుకొనుట మనకు క్రొత్తగాదు గదా.

అయితే ఇందలి 'స్క్రం' అను శాఖలో, నెలకు మించని పనిగడువునకు 'స్ప్రింటు' అని పేరు. స్ప్రింటనగా చిన్న పరుగుపందెము. పందెము ముగిసినవారికి కూర్చుండ పీట వేయుదురు. ఇక్కడ ఒకటి ముగియగనే మరియొకటి మొదలగును. పైగా మనకు రాత్రి భోజనమువేళ అమెరికాలో తెల్లవారును. అప్పుడు అక్కడివారితో సంభాషణ. అన్నము చల్లారును, పసిబిడ్డ తల్లికొర కేడ్చును.

ఇది ఆ పద్ధతి కోరినది కాదు. అందలి 12 సూత్రములలో ఎనిమిదవది, పని నడక ఎంతకాలమైనను ఒకేతీరుగ నిలుపుకొన దగినదై యుండవలె నని చెప్పుచున్నది. పదియవది అక్కరలేని పనిని చేయకుండుటయు నొక విద్యయే యనుచున్నది. నడిరేయి పనికి 'ఎజైల్' అను పేరు సాకుగా చెప్పబడినప్పుడు, సోదరీమణులారా, ఆ యెనిమిదవ సూత్రమును ఒక్కమారు చదివి వినిపింపు డని మర్యాదగా నడుగవచ్చును.