సగం ధరకు సౌందర్యం

— ఒక ఎం.ఎస్సీ. (కెమిస్ట్రీ) ఫైనలియర్ విద్యార్థిని

"అందానికి పెట్టిన సొమ్ము ఆపదకు అక్కరకొస్తుంది" అంటూ వుండేది మా అమ్మమ్మ. ఆవిడ అన్నది బంగారం సంగతి. గాజులైతే ఆపదలో తాకట్టు పెట్టుకోవచ్చు. క్రీము సీసాని తాకట్టు పెట్టుకునే బ్యాంకు మాత్రం ఇంతవరకు పుట్టలేదు. ముఖానికీ జుట్టుకీ మనం పెట్టే డబ్బు తిరిగొచ్చే డబ్బు కాదు. తిరిగిరాని డబ్బు ఖర్చుపెట్టేటప్పుడు కాస్త లెక్క చూసుకుంటే తప్పులేదు గదా!

నెల మొదటి వారంలో మా లేడీస్ హాస్టలు వాచ్‌మన్ బల్ల మీద పార్సెళ్లు గుట్టగా పడి వుంటాయి. ఒకరు విప్పుతూంటే పదిమంది చుట్టూ మూగుతారు. "డెబ్భై పర్సెంట్ ఆఫ్‌లో కొట్టేశానే!" అని ఒకరి సంబరం. "అయ్యో, నాకు అరవైకే వచ్చిందే!" అని ఇంకొకరి దిగులు. ఎంత మిగిలిందో అందరూ చెబుతారు. ఎంత అయిందో ఒక్కరూ చెప్పరు. అబ్బాయిలు నవ్వుకోనక్కర్లేదు. హెయిర్ జెల్లూ, ఫేస్‌వాషూ, గడ్డానికి నూనే కొనేది మేము కాదు.

తగ్గింపు ధరలో వస్తువు కొనడం మంచిదే. స్కాలర్‌షిప్పు ఎప్పుడొస్తుందో తెలియని వాళ్లకి మరీ మంచిది. కాని ఏది నిజంగా చవక, ఏది చవకలా కనిపించే ఖరీదు అన్నది తెలియాలి. నాకు తెలిసినంతలో ఆ లెక్క చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

శాతాల మాయ

ముందుగా ఎమ్మార్పీ సంగతి. సౌందర్య సాధనాల మీద వుండే ఆ ధరను ప్రభుత్వం నిర్ణయించదు. తయారుచేసినవాడే నిర్ణయించి అచ్చు వేసుకుంటాడు. అంతకు మించి అమ్మకూడదని మాత్రమే చట్టం. అంటే అది పైకప్పు. పైకప్పు ఎత్తుగా కట్టుకున్నవాడు ఎంత కిందికి దూకినా నేల మీదే నిలబడతాడు. 50 గ్రాముల క్రీముకి 400 రూపాయలు అచ్చు వేసి, సగానికి 200కి ఇచ్చాడనుకోండి. గ్రాము 4 రూపాయలు. పక్కనే ఏ తగ్గింపూ లేకుండా 150 రూపాయలకి 100 గ్రాముల క్రీము వుంది. గ్రాము రూపాయిన్నర. ఏది చవకో చెప్పడానికి ఎం.ఎస్సీ. చదవనక్కర్లేదు. కాని షాపులో మన కళ్లు ఎర్ర అక్షరాల "50%" మీదే నిలుస్తాయి. గ్రాముకి ఇంత, మిల్లీలీటరుకి ఇంత అని ఇప్పుడు ప్యాకెట్టు మీద వేయాలన్న నిబంధన వుంది. చిన్న అక్షరాల్లో వుంటుంది. ముందు అది వెతకండి.

ఇంకొన్ని లెక్కలు. "25 శాతం అదనం" అంటే 25 శాతం తగ్గింపు కాదు, 20 శాతమే. నూరు రూపాయలకి నూట పాతిక రూపాయల సరుకు వస్తుందన్నమాట. "రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం. "50 శాతం, దాని మీద మరో 20 శాతం" అంటే 70 కాదు, 60. రెండో తగ్గింపు మిగిలిన సగం మీదే గదా! ఇక "499 రూపాయలు దాటితే డెలివరీ ఉచితం" అన్నది చూసి, 40 రూపాయలు తప్పించుకోవడానికి 150 రూపాయల అక్కర్లేని లిప్‌బామ్ కొనని వాళ్లు మన హాస్టల్లో ఎందరున్నారు? కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్న సామెత ఇలాంటి వాటికే పుట్టివుంటుంది.

మరో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి షాంపూ, తలనూనె, స్నానపు సబ్బు, టాల్కం పౌడరు, షేవింగు క్రీము వంటివాటి మీద జి.ఎస్.టి. 18 నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్క వేస్తే పాత ధరలో సుమారు 11 శాతం తగ్గాలి. కాబట్టి పాత ధర ముద్రించిన షాంపూ సీసా మీద ఎవరైనా "10 శాతం ప్రత్యేక తగ్గింపు" అంటే అది బహుమానం కాదు. ప్రభుత్వం వదులుకున్న పన్నే మన చేతిలో పెడుతున్నారు, అదీ ఒక శాతం తక్కువగా. మామూలు క్రీములూ లిప్‌స్టిక్కులూ మాత్రం 18 శాతంలోనే వుండిపోయాయి.

పెద్దసీసా ఎప్పుడూ చవక అనుకోవడం కూడా పొరపాటే. మన దేశంలో షాంపూ విషయంలో తరచు తలకిందులుగా వుంటుంది. కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్ అనే ఆయన ధనవంతుల వస్తువు కూలివాడి చేతికి కూడా అందాలని చిన్న పొట్లాల ఆలోచన చేశారు. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో ఆ దారినే నడిచారు. పెద్ద కంపెనీలన్నీ వెనకాలే రావలసి వచ్చింది. రూపాయి పొట్లంలో 5 మి.లీ. వుంటే మిల్లీలీటరు 20 పైసలు. అదే షాంపూ 180 మి.లీ. సీసా 108 రూపాయలుంటే 60 పైసలు! ఒకసారి మీరే షాపులో లెక్క వేసి చూడండి. పొట్లాల చెత్త బీచిలో తేలుతుందన్న మాట నిజమే. కత్తిరించిన పొట్లాన్ని జాగ్రత్తగా చెత్తబుట్టలో వేసే బాధ్యత మనది.

ఎందుకు తగ్గించాడు?

ఎవరైనా ధర తగ్గిస్తే "ఎంత?" అని అడిగేముందు "ఎందుకు?" అని అడగాలి. కారణం మంచిదైతే బేరం మంచిది.

రేపర్ డిజైను మారింది, పాత రేపరు సరుకు వదిలించుకుంటున్నారు — కళ్లు మూసుకుని కొనండి. లోపల వున్నది అదే. పండగ సెట్టులో మిగిలిపోయింది — పెట్టె అందం మనకెందుకు, కొనవచ్చు. కాలం దాటిపోయింది, అంటే మార్చిలో కోల్డ్‌క్రీము — గడువు వచ్చే సంక్రాంతి దాటేదాకా వుంటే కొనవచ్చు.

గడువు దగ్గరపడింది — ఇక్కడ ఆగి ఆలోచించాలి. 400 రూపాయల 400 మి.లీ. లోషను సగం ధరకు వచ్చింది. గడువు రెండు నెలలే వుంది. రోజుకు 3 మి.లీ. రాసుకుంటే రెండు నెలల్లో అయ్యేది 180 మి.లీ. అంటే 200 రూపాయలకి మీరు వాడుకున్నది 180. మిల్లీలీటరుకి రూపాయి పైనే పడింది. పూర్తి ధర పెట్టి, గడువున్న సీసా కొన్నవాళ్లకి సరిగ్గా రూపాయి పడింది! నలుగురు రూమ్మేట్లు కలిసి కొనుక్కుంటేనే అది బేరం.

అన్నీ ఒకేలా పాడవవు. వాసెలీన్ వంటి పెట్రోలియం జెల్లీలో నీళ్లు లేవు గనుక క్రిములు పెరగడానికి వీలు తక్కువ. పౌడరూ అంతే. సబ్బు నిల్వవుంటే ఆరి గట్టిపడి ఇంకా ఎక్కువ రోజులొస్తుంది. అలాంటివి తగ్గింపులో నాలుగు ఎక్కువ కొన్నా నష్టం లేదు. నీళ్లు కలిసిన క్రీములూ లోషన్లూ అలా కాదు. విటమిన్ సి సీరమ్ గాలీ వెలుతురూ తగిలితే ఆక్సీకరణం చెంది గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడది రంగునీళ్లే. కాటుక, మస్కారా కంటి దగ్గర వాడేవి. మూత తీసిన కొద్ది నెలలకే మార్చేయాలి. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అని నాలుగు మస్కారాలు కొనడం డబ్బు పారేసుకోవడమే. పెట్టె మీద మూత తెరిచిన డబ్బీ బొమ్మ, అందులో "12ఎం" అని వుంటే, తెరిచాక 12 నెలలు అని అర్థం.

ఏం చూసి కొనాలి?

పైన పటారం లోన లొటారం అన్నట్టు వుండకూడదంటే పెట్టె వెనక్కి తిప్పాలి. మన నిబంధనల ప్రకారం ఒక శాతానికి మించి కలిపిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. "కుంకుమపువ్వు క్రీము" అని ముందువైపు పెద్ద పువ్వు బొమ్మ. వెనక చూస్తే నీళ్లు, గ్లిజరిన్, మినరల్ ఆయిల్... కుంకుమపువ్వు చిట్టచివర. మన చర్మానికి పనిచేసేది చాలాసార్లు ఆ గ్లిజరినే. అది మందులషాపులో చిన్నసీసా కొద్ది డబ్బులకే దొరుకుతుంది.

సబ్బుకైతే ఇంకా సులువు. రేపరు మీద "టి.ఎఫ్.ఎమ్." అని ఒక అంకె వుంటుంది. మొత్తం కొవ్వు పదార్థం ఎంతో చెప్పే అంకె అది. భారతీయ ప్రమాణాల ప్రకారం కనీసం 76 శాతం వుంటే మొదటి గ్రేడు టాయిలెట్ సబ్బు, 70 వుంటే రెండోది, 60 వుంటే మూడోది. "బాతింగ్ బార్" అని వుంటే 40 శాతం వున్నా చాలు. తగ్గింపు ధరకి వచ్చే రెండు సబ్బుల్లో ఒకటి టాయిలెట్ సబ్బు, ఒకటి బాతింగ్ బార్ అయితే ధరలు పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. సినిమా తార ఏ రేపరు మీద నవ్వుతున్నా సరే.

సన్‌స్క్రీన్ సంగతి మన వాల్తేరు ఎండకి ముఖ్యం. ఎస్.పి.ఎఫ్. 30 వున్నది సూర్యుడి యు.వి.బి. కిరణాల్లో సుమారు 97 శాతాన్ని ఆపుతుంది, 50 వున్నది 98 శాతాన్ని. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టడం కంటే, చవకది కొని చాలినంత రాసుకోవడం మేలు. రెండు వేళ్ల పొడుగున పిండుకుంటేనే ముఖానికీ మెడకీ సరిపోతుంది. ఖరీదైనది కొని, అయిపోతుందేమోనని శనగగింజంత రాసుకునేవాళ్లు డబ్బూ పోగొట్టుకుంటారు, ఎండనీ తప్పించుకోలేరు.

ఎంత చవకైనా కొనకూడనివి

ఇప్పుడు అసలు సంగతి. ఈ వ్యాసం రాయాలని నాకు అనిపించడానికి కారణం మా రూమ్మేటు. పేరు చెప్పను. చామనచాయ పిల్ల, చక్కటి కళ. సెలవుల్లో పెళ్లివారు వచ్చి వెళ్లి, "అమ్మాయి ఒక్క రవ్వ రంగు తక్కువ" అని కబురు పెట్టారు. ఆ ఒక్క మాటతో అది వారంరోజులు సరిగా తిండి తినలేదు. ఎవరో చెప్పారని ఒక ఫ్యాన్సీ షాపులో తెల్లటి చిన్న డబ్బీ తెచ్చింది. 600ది 250కే ఇచ్చాడట. డబ్బీ మీద తయారుచేసినవాడి పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, తేదీ లేదు. నేను కెమిస్ట్రీ విద్యార్థినినై వుండీ, "పోనీలే" అని వూరుకున్నాను. ఆ తప్పు నాది.

పదిహేను రోజుల్లో ముఖం నిజంగానే తెల్లబడింది. హాస్టలంతా ఆ డబ్బీ పేరు అడిగింది. మూడో నెలలో డబ్బీ అయిపోయింది. మానేసిన వారానికి ముఖం ఎర్రగా కందిపోయి, మంట, మొటిమలు, బుగ్గల మీద సన్నటి నెత్తుటి గీతలు. ఎండలోకి వెళ్లలేక క్లాసులు పోగొట్టుకుంది. చర్మవ్యాధుల డాక్టరుగారు చూడగానే, "స్టెరాయిడ్ కలిపిన క్రీమమ్మా, రోజూ ఇలాంటివాళ్లు వస్తూనే వున్నారు" అన్నారు. మామూలు కావడానికి ఏడాది పైగా పట్టింది. 350 రూపాయలు మిగిలిన బేరానికి మందులకైన ఖర్చు నేను రాయను. వాళ్ల నాన్నగారికి తెలుసు.

స్టెరాయిడ్ క్రీము ఎగ్జిమాకో దద్దుర్లకో డాక్టరు రాయవలసిన మందు. చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది కూడా. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. అంతకంటే ప్రమాదం పాదరసం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా అది అడ్డుపడుతుంది. కాని చర్మం గుండా లోపలికి వెళ్లి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చిన సంగతి 2023లో వైద్యులు బయటపెట్టారు. ముఖానికి రాసింది మూత్రపిండానికి తగలడం అంటే ఇదే.

కాబట్టి లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ, తయారీదారు చిరునామా లేనిది ఉచితంగా ఇచ్చినా వద్దు. విదేశీ సరుకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషను నంబరు వుండాలి. వారంలో తెల్లబరుస్తానన్నది అసలే వద్దు. ఏ కొత్త క్రీమైనా ముందు మోచేతి లోపలివైపు రెండు మూడు రోజులు రాసి చూడండి. మోసపోతే 1915కి ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. బిల్లు మాత్రం దాచుకోండి.

చివరిగా ఒక మాట. 1975లో మన దేశంలో మొదలైన ఒక తెల్లదనపు క్రీము 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అనే మాట తీసేసింది. కంపెనీవాళ్లే సిగ్గుపడి తీసేసిన మాటను మన పెళ్లిచూపులవాళ్లు ఇంకా తీసేయలేదు. చామనచాయ జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు. మా రూమ్మేటు ఇప్పుడు బాగానే వుంది. బి.ఇడి. చదువుతోంది. ముఖానికి రాసేది సన్‌స్క్రీన్ ఒక్కటే, అదీ తగ్గింపు ధరలో, గడువు చూసి. ఈసారి పెళ్లివారు వస్తే రంగు మాట ఎత్తినవాళ్లని కాఫీ ఇచ్చి పంపించేస్తానంటోంది. నేను విన్నవాటిలో అసలైన చవక బేరం అదే.