గేదె ఇచ్చారు సరే, పాలు కొనేదెవరు?

దళిత కుటుంబాలకు ఎన్ని యూనిట్లు మంజూరయ్యాయి, ఎంత శాతం నిధులు ఖర్చయ్యాయి? సంక్షేమ పథకాలపై మన చర్చ ఎప్పుడూ ఈ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. అధికార పక్షం పెద్ద అంకె చెబుతుంది, ప్రతిపక్షం చిన్న అంకె చెబుతుంది. 2013 నాటి ఉపప్రణాళిక చట్టం వచ్చాక కేటాయింపుల లెక్కనైనా నిలదీసి అడగగలుగుతున్నాం. అది ఉద్యమాలు సాధించిన విజయం, తక్కువ చేయలేం. అయితే ఖర్చయిన రూపాయి ఏ దారిన వెళ్లి మనిషి జీవితాన్ని మార్చాలనుకున్నారో, ఆ దారిలో ఎక్కడ ఆగిపోయిందో ఈ లెక్క చెప్పదు.

ఆ దారిని ముందే కాగితం మీద పెట్టమనేదే సిద్ధాంత ఆధారిత మూల్యాంకనం. ఈ ఆలోచనకు పునాది వేసినవారిలో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త కేరల్ వైస్ ముఖ్యురాలు. రాసినా రాయకపోయినా, ప్రతి పథకం వెనుకా ఒక ఊహ ఉంటుంది. ఇది ఇస్తే అది జరుగుతుంది, అది జరిగితే మరొకటి జరుగుతుంది. ఈ గొలుసులో ఒక్కొక్క లంకెనూ విడిగా పరీక్షించాలి.

బంగ్లాదేశ్‌లో 1990ల మధ్యలో ఒక పోషకాహార ప్రాజెక్టు మొదలైంది. తల్లులకు పాఠాలు చెబితే పిల్లల బరువు పెరుగుతుందన్నది దాని ఊహ. ప్రపంచ బ్యాంకు మూల్యాంకన విభాగం ఆ గొలుసును విప్పి చూసింది. చాలా ఇళ్లలో సరుకులు తెచ్చేది మగవారు, ఉమ్మడి కుటుంబాల్లో వంటింటి పెత్తనం అత్తగారిది. పాఠం కోడలికి చేరింది, నిర్ణయం మాత్రం ఆమె చేతిలో లేదు. తరగతిలో ఈ ఉదాహరణ చెప్పినప్పుడల్లా విద్యార్థినులు నవ్వుతారు. వారికది కొత్త సంగతి కాదు.

మన పథకాలలో ఆ అత్తగారి స్థానంలో ఉన్నది కులం.

2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధునే తీసుకుందాం. కుటుంబానికి పది లక్షలు, బ్యాంకు రుణంతో నిమిత్తం లేదు. అంతకు ముందు ఎస్సీ కార్పొరేషన్ పథకాలు సబ్సిడీకి బ్యాంకు రుణాన్ని ముడిపెట్టేవి, దరఖాస్తులు బ్యాంకు మేనేజరు బల్ల దగ్గరే ఆగిపోయేవి. ఎక్కడ తెగుతోందో గుర్తించి ఆ లంకెను తీసేయడం దళితబంధు చేసిన మంచి పని. కానీ ఆ తర్వాతి లంకె మాట? పెట్టుబడి ఉంటే వ్యాపారం నడుస్తుంది, వ్యాపారం నడిస్తే ఆదాయం వస్తుందన్న ఊహలో బజారుకు కులం లేదన్న మరో ఊహ దాగి ఉంది. 11 రాష్ట్రాలలో 565 గ్రామాలను పరిశీలించి 2006లో వెలువరించిన అస్పృశ్యత అధ్యయనం, దాదాపు సగం గ్రామాల్లో దళితుల నుంచి పాలు కొనడానికి అడ్డంకులున్నాయని చెప్పింది. అలాంటి ఊళ్లో పాడి యూనిట్ నష్టపోతే, మన నివేదికలు లబ్ధిదారుడికి నైపుణ్యం లేదని రాస్తాయి.

మధ్యాహ్న భోజనం ఇంకా సూక్ష్మమైన ఉదాహరణ. బడుల్లో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001లో ఆదేశించింది. వంటవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో చెప్పింది. మొదటి ఆదేశం వెనుక ఆకలి గురించిన ఊహ ఉంది, రెండోదాని వెనుక సహపంక్తి గురించిన ఊహ ఉంది. మన మూల్యాంకనాలు మొదటిదాన్నే కొలుస్తాయి. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడి పిల్లలు దళిత మహిళ వండిన అన్నం తినడానికి నిరాకరించారు. అధికారులు ముందు ఆమెనే తొలగించారు, గొడవ పెద్దదయ్యాక తిరిగి తీసుకున్నారు. భోంచేసిన పిల్లల సంఖ్య ఒక్కటే కొలమానమైతే, ఆమె తొలగింపు పథకం మెరుగుపడినట్టుగా నమోదవుతుంది! లెక్క తప్పు కాదు, లెక్కించడానికి ఎంచుకున్నదే తప్పు.

లబ్ధి పొందినవారినీ పొందనివారినీ పోల్చే గణాంక పద్ధతులను నేను కాదనడం లేదు. సగటున ఎంత తేడా వచ్చిందో అవి చెబుతాయి. ఏ వాడలో, ఎవరి గుమ్మం దగ్గర, ఎందుకు ఆగిపోయిందో తెలియాలంటే వేరే ప్రశ్నలు కావాలి. మీ పాలు ఎవరు కొన్నారు, ఏ ధరకు? దుకాణానికి ఏ వీధివారు వస్తారు? అద్దె గది ఊరి మధ్యలో దొరికిందా? ప్రశ్నావళికి ఈ రెండు పేజీలు చేర్చడానికి కొత్త చట్టం అక్కరలేదు. పథకం రాసే బల్ల దగ్గర వాడ మనుషులు కూడా కూర్చుంటే, ఇలాంటి ప్రశ్నలు యూనిట్లు పంచకముందే వస్తాయి.