అడవిలో దారి చూపు ఫోను

నంద్యాల నుండి తూర్పునకు చూచినచో నల్లమల కొండలు నీలపు గోడవలె కానవచ్చును. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలమునకు పోవువారు ఆ గోడను సమీపింతురు. ఎగువ అహోబిలము దాటి జ్వాలానరసింహుని సన్నిధికి, ఉగ్రస్తంభమునకు నడచువారు దాని లోపలికే ప్రవేశింతురు. శివరాత్రికి ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలమునకు కాలినడకన పోవు భక్తులును ఈ అడవిని దాటవలసినవారే. నేడు వీరిలో పెక్కుమంది చేత ఫోను ఉన్నది. దారి అది చూపునను ధైర్యముతో బయలుదేరుచున్నారు. ఆ ధైర్యము ఎంతవరకు చెల్లునో ఇచట విచారింతము.

పూర్వము ఈ అడవిలో వేటకు వచ్చినవారు చెంచులను వెంటబెట్టుకొని నడచెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 1983లో ఈ అడవులలో పెద్ద భాగము పులుల రక్షిత ప్రాంతమైనది. అమెరికాలోని వేటగాండ్రు ప్రభుత్వ భూమి యేదో, పరుల భూమి యేదో ఆన్‌ఎక్స్ వంటి యాప్‌లలో చూచుకొని అడవులలో తిరుగుదురు. మన దేశములో అట్టి సాధనము వేటను అడ్డుకొనువారి చేతిలో ఉన్నది. 2010లో ప్రారంభమైన ఎమ్‌స్ట్రైప్స్ అను ఏర్పాటుతో పులుల అడవులలోని సిబ్బంది తాము గస్తీ తిరిగిన దారిని, చూచిన జంతువుల జాడలను ఫోనులోనే నమోదు చేయుదురు.

ఇంతకు ఫోను తానున్న తావును ఎట్లు తెలిసికొనును? రేడియో ఉన్న ఇంటివారికి ఇది సులభముగా బోధపడును. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహములు తిరుగుచున్నవి. మన దేశమును నావిక్ అను పేర ఇట్టి ఉపగ్రహములను 2013 మొదలుకొని శ్రీహరికోట నుండి పంపినది. ఒక్కొక్క ఉపగ్రహము తన స్థానమును, సమయమును ఎడతెగక ప్రసారము చేయుచుండును. ఆ ప్రసారము చేరుటకు పట్టిన కాలమును బట్టి ఫోను దూరమును లెక్కించును. మూడు ఉపగ్రహములు తావును నిర్ణయించుటకు, నాలుగవది ఫోనులోని గడియారపు తప్పును సవరించుటకు కావలెను.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. ఈ పనిలో ఫోను వినునే కాని మాటలాడదు. మన ఇంట రేడియో మ్రోగుచున్నంత మాత్రమున మనము వినుచున్నామని ప్రసార కేంద్రమునకు తెలియదు. అట్లే ఫోను తెరపై మన తావు కనబడినంత మాత్రమున మన జాడ ఇంకొకరికి తెలియదు. దానిని తెలుపుటకు టవరు కావలెను. కొండల నడుమ అది అందని చోటులు పెక్కు.

తెరపై కనబడు పటము కూడ టవరు ద్వారా వచ్చునదే. కనుక ఊరిలో ఉండగనే దానిని ఫోనులో భద్రపరచుకొనవలెను. టవరు లేనిచో ఉపగ్రహములను మొదట పట్టుకొనుటకు ఎక్కువ సేపు పట్టును. ఆకాశము బాగుగ కనబడు చోట కొన్ని నిమిషములు నిలువవలెను. అహోబిలములోని భవనాశి లోయవంటి తావులలో ప్రసారము రాతిగోడలకు తగిలి మరలి వచ్చును. అందుచే తెరపై చుక్క పదుల మీటర్లు ప్రక్కకు జరుగవచ్చును. కాబట్టి లోయ అంచున చుక్కను నమ్మి అడుగు వేయరాదు. టవరు అందని చోట ఫోను దానికై వెదకి వెదకి బ్యాటరీని హరించును. విమానములో వలె ఫ్లైట్ మోడ్‌లో ఉంచినచో బ్యాటరీ మిగులును; చాల ఫోనులలో జి.పి.ఎస్. అప్పుడును పనిచేయును.

తావును అంకెలతో చెప్పుటయు నేర్వవలెను. నంద్యాల రమారమి 15.48, ఆళ్లగడ్డ 15.13 అక్షాంశములపై ఉన్నవి. అక్షాంశములో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. ఆపదలో 15.13 అనవలసినచోట 15.31 అన్నచో వెదకువారు 20 కిలోమీటర్లు ఉత్తరమునకు పోవుదురు. బిందువు తరువాత నాలుగంకెలు సరిగా చెప్పినచో పది పన్నెండు మీటర్ల తావు తెలియును. కావున అక్షాంశమును, రేఖాంశమును ఒక్కొక్క అంకెగా రెండుసార్లు చదువవలెను. 112 నంబరునకు మన కంపెనీ టవరే ఉండనక్కరలేదు. ఏ కంపెనీ టవరు అందినను ఆ పిలుపు పోవును.

జాడ తెలియని అడవిలో వెదకుట ఎంత కష్టమో ఈ సీమ ఎరుగును. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టరు నల్లమలపై అదృశ్యమైనది. ఎన్నో బలగములు గాలించినను మరునాటి ఉదయమునకు గాని పావురాలగుట్టపై దాని శకలములు కనబడలేదు.

టవరు లేకయే ఉపగ్రహము ద్వారా మాటను, సందేశమును పంపు పరికరములు లోకములో ఉన్నవి. కాని మన దేశములో కేంద్ర టెలికాం శాఖ అనుమతి లేక శాటిలైట్ ఫోనును గాని, గార్మిన్ ఇన్‌రీచ్ వంటి సందేశ పరికరమును గాని వాడరాదు. తెలియక వెంట తెచ్చిన విదేశీయులు విమానాశ్రయములలో పట్టుబడిరి. విదేశములలోని బంధువులు ప్రేమతో పంపినను, అట్టి దానిని అడవికి కొనిపోరాదు. దారి చూపుటకు మాత్రమే ఉపయోగపడు సాధారణ జి.పి.ఎస్. సాధనమునకు ఈ చిక్కు లేదు.

కనుక అడవికి పోవువారు ఏ దారిన పోవుచున్నారో, ఎన్ని గంటలకు మరలివత్తురో ఇంటివారికి కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. ఆ గడువు దాటినచో ఎవరికి ఫోను చేయవలెనో కూడ వ్రాయవలెను. అటవీశాఖ అనుమతించిన దారిని విడువక, చీకటి పడకమునుపే మరలవలెను. దారి తెలిసిన స్థానికుడు తోడుండుట మేలు. త్రోవ తప్పితిమని తోచినప్పుడు ముందుకు పోక, ఫోనులో నమోదైన మన అడుగుల గీతను పట్టుకొని వెనుకకు నడువవలెను. అది కుదరనిచో నిలిచిన చోటనే ఉండవలెను. కాగితముపై వ్రాసి వచ్చిన దారిని బట్టి వెదకువారు మనలను చేరగలరు.