కోటికి ఎన్ని సున్నాలు? మన లెక్క మనమే వేద్దాం

మనం లక్షలు, కోట్లు అంటాం. పిల్లల లెక్కల పుస్తకంలో 8.11 కోట్లను 8.11 × 10⁷ అని రాస్తారు. పది మీద చిన్నగా ఉన్న 7ను ఘాతాంకం అంటాం. కన్నడ, మరాఠీ, ఒడియా పుస్తకాల్లోనూ దాదాపు ఇదే మాట. తమిళంలో 'అడుక్కు' అంటారు. ఏ బడిలో చదివినా అర్థం ఒకటే: 1 పక్కన ఎన్ని సున్నాలు? లక్షకు 5, కాబట్టి 10⁵. పది లక్షలు 10⁶. కోటి 10⁷. ముందున్న సంఖ్య మాత్రం 1కి తగ్గకూడదు, 10 కంటే చిన్నదిగా ఉండాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు, సుమారుగా:

తమిళనాడు: 4.23 × 10⁶
కర్ణాటక: 3.57 × 10⁶
మహారాష్ట్ర: 1.32 × 10⁶
ఒడిశా: 6.7 × 10⁵
దేశం మొత్తం: 8.11 × 10⁷

పోల్చేటప్పుడు

ముందు ఘాతాంకం చూడాలి. 6.7 పెద్దదిగా కనిపించినా ఒడిశా సంఖ్య తమిళనాడు కంటే చిన్నది. ఒకటి 6.7 లక్షలు, మరొకటి 42.3 లక్షలు. ఘాతాంకాలు సమానమైతేనే ముందున్న సంఖ్యలను పోల్చాలి.

కూడేటప్పుడు

3 కోట్లూ 5 లక్షలూ కలిపితే 8 అని ఎవరూ అనరు. ఇక్కడా అంతే. ముందు ఘాతాంకాలను సమానం చేయాలి. ఒడిశా సంఖ్య 6.7 × 10⁵ను 0.67 × 10⁶ అని మార్చుకుందాం. ఘాతాంకం ఒకటి పెరిగితే చుక్క ఒక స్థానం ఎడమకు జరుగుతుంది. ఇప్పుడు:

4.23 + 3.57 + 1.32 + 0.67 = 9.79

అంటే 9.79 × 10⁶, దాదాపు 98 లక్షలు. ఘాతాంకాలను కూడకూడదు, 10⁶ అలాగే ఉంటుంది. మొత్తం 12.3 × 10⁶ లాగా 10 దాటితే 1.23 × 10⁷ అని సరిచేయాలి.

ఎందుకు ముఖ్యం?

9.79, 8.11 మాత్రమే చూస్తే ఈ నాలుగు రాష్ట్రాల తెలుగువారు దేశంలోని తెలుగువారందరికంటే ఎక్కువనిపిస్తుంది! ఘాతాంకం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది: ఎనిమిదిలో ఒక వంతు. తక్కువేమీ కాదు, కోటికి రెండు లక్షలే తక్కువ.

భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి గురించి రాజ్యాంగంలోని 350-ఎ అధికరణ చెబుతుంది. దాని కోసం వినతిపత్రం రాస్తే మన సంఖ్య వేయక తప్పదు. ఘాతాంకం ఒక్కటి తగ్గితే 98 లక్షలు 9.8 లక్షలవుతాయి. ఈ రాత్రి పిల్లలతో కూర్చుని ఈ కూడిక ఒకసారి వేయించండి, తెలుగులోనే.