మోడెమ్ పలకనప్పుడు లైనక్స్‌లో ముందు ఏం చూడాలి

బరంపురంలో మా సంఘం పెద్దలు చాలామంది ఇంకా బటన్ల ఫోనే వాడుతున్నారు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కబురు వాళ్లకు చేరదు. ఉగాది సభ సంగతి ఒకరోజు ఆలస్యమైనా సర్దుకోవచ్చు. ఎవరైనా పోయారన్న కబురు మాత్రం అంత్యక్రియలకు ముందే అందాలి. అందుకే ఆఫీసులోని పాత లైనక్స్ కంప్యూటర్‌కు సిమ్ వేసిన యూఎస్‌బీ మోడెమ్ పెట్టి ఎస్సెమ్మెస్‌లు పంపుతున్నాం. అది పలకకపోతే దుకాణంవాళ్లు కొత్తది కొనమంటారు. ఇతర ఊళ్ల సంఘాలవారూ అడుగుతున్నారు కనుక, కొనే ముందు చూడవలసినవి రాస్తున్నాం.

మోడెమ్ గుచ్చగానే టెర్మినల్‌లో డీమెసేజ్ కమాండ్ ఇవ్వండి. చివరి వరుసల్లో టీటీవై-యూఎస్‌బీ0, 1, 2 లాంటి పేర్లు, లేదా టీటీవై-ఏసీఎమ్0 కనిపించాలి. అవి లేకుండా సీడీ డ్రైవ్ ఒకటి కనిపిస్తే మోడెమ్ పాడైనట్టు కాదు. కొన్ని మోడెమ్‌లు ముందు తమ విండోస్ సాఫ్ట్‌వేర్ ఉన్న డిస్క్‌లాగా బయటపడతాయి. యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ అనే ప్యాకేజీ వేస్తే అసలు రూపానికి వస్తాయి. పాత సీరియల్ పోర్టు మోడెమ్ అయితే పేరు టీటీవై-ఎస్0. విండోస్‌లో కామ్1 అనేది అదే.

పేరు కనిపించినా "పర్మిషన్ డినైడ్" అంటే డెబియన్, ఉబుంటులలో మీ యూజర్ పేరును డయలౌట్ గ్రూపులో చేర్చాలి. చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

"డివైస్ బిజీ" అంటే వేరే ప్రోగ్రామ్ పోర్టును పట్టుకుని ఉందని అర్థం. సాధారణంగా అది మోడెమ్‌మేనేజర్. ఎస్సెమ్మెస్‌లకే వాడే కంప్యూటర్‌లో దాన్ని ఆపేయడమే మంచిది.

తరువాత మినీకామ్. సెట్టింగుల్లో పోర్టు పేరు, వేగం 115200, 8ఎన్1 పెట్టండి. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ 'నో' చేయండి. మూడు తీగల సీరియల్ కేబుల్‌తో అది 'యెస్' ఉంటే మీరు ఎంత టైప్ చేసినా అవతలికి పోదు. పిచ్చి అక్షరాలు వస్తుంటే వేగం కుదరలేదన్నమాట. ఇప్పుడు ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఓకే రావాలి. రాకపోతే పక్క నంబరు పోర్టు చూడండి, మూడింటిలో అన్నీ జవాబు ఇవ్వవు.

ఓకే వచ్చాక ఏటీ+సీఎస్‌క్యూ కొడితే సిగ్నల్ 0 నుంచి 31 లోపు అంకెగా వస్తుంది. 99 వస్తే సిగ్నల్ ఎంతో మోడెమ్‌కు తెలియడం లేదని. పాత 3జీ మోడెమ్‌లో 4జీ మాత్రమే ఉన్న కంపెనీ సిమ్ వేస్తే ఎన్నిసార్లు ప్రయత్నించినా నెట్‌వర్క్ దొరకదు, సిమ్ మార్చవలసిందే.

మోడెమ్ తీసి పెట్టినప్పుడల్లా పోర్టు నంబరు మారవచ్చు. డెవ్, సీరియల్ కింద బై-ఐడీ ఫోల్డర్‌లో ఉన్న పొడవాటి పేరు వాడితే ఆ బాధ ఉండదు.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగు యూనికోడ్‌లో పోతుంది కనుక 70 మాత్రమే, అందులోనూ గుణింతాలు, వత్తులు విడిగా లెక్కకు వస్తాయి. 'శ్రీ' ఒక్కటే నాలుగు. బిరుదులు, విశేషణాలు వదిలేసి పేరు, స్థలం, సమయం రాయండి.