అల్యూమినియానికి ఏ కదురు?

స్పిండిల్ అన్న ఇంగ్లీషు మాటకి తెలుగు నిఘంటువు చూస్తే కనిపించేది కదురు. రాట్నం మీద గిర్రున తిరుగుతూ దూదిని నూలు చేసే సన్నటి ఇనుప పుల్ల. నేను ఇక్కడ చెప్పబోయే స్పిండిల్ నూలు వడకదు, అల్యూమినియం చెక్కుతుంది. అయినా పాత మాట వాడటమే నాకిష్టం. కదురు వంకరగా ఉంటే రాట్నం ఎంత బలంగా తిప్పినా దారం నిలవదని నూలు వడికిన ముసలమ్మలందరికీ తెలుసు. ఇంజనీరింగు పట్టా ఉన్న నాకు ఆ సంగతి బోధపడడానికి ఒక మోటారు, డజను కట్టర్లు ఖర్చయ్యాయి.

కథ ఇడ్లీపిండి దగ్గర మొదలైంది. చాలా ఏళ్ళ కిందట మా అమ్మ మెల్‌బోర్న్ వచ్చినప్పుడు విమానంలో మోసుకొచ్చిన టిల్టింగ్ గ్రైండరులో, రాళ్ళని పట్టి ఉంచే చెయ్యి దగ్గర బ్రాకెట్టు విరిగింది. ఆ మోడలు ఇప్పుడు ఇండియాలోనూ దొరకదు. అమ్మ ఇక ఇంత దూరం ప్రయాణం చెయ్యలేదు. అంచేత గ్రైండరు పారేసి కొత్తది కొనుక్కోమంటే మనసొప్పలేదు. బెజవాడ ఆటోనగర్‌లో అయితే ఏ లేత్ షాపుకి తీసుకెళ్ళినా గంటలో చేసి చేతిలో పెట్టేవారు. ఇక్కడ ఒక్క ముక్క కోసం అడిగితే చెప్పే ధరకి రెండు గ్రైండర్లు వస్తాయి. సరే, మనమే చేసుకుందామని సి.ఎన్.సి. రౌటర్ కిట్ ఒకటి కొని గరాజ్‌లో బిగించాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. సి.ఎన్.సి. రౌటర్ అంటే కంప్యూటరు చెప్పినట్టు మూడు దిక్కుల్లో కదిలే ఒక చట్రం. ఆ చట్రానికి ఒక కదురు, కదురు చివర ఒక కట్టర్. అభిరుచి కోసం కొనుక్కునే ఇలాంటి మిషన్లు ప్రధానంగా చెక్క పని కోసం పుట్టినవి. అల్యూమినియం చెయ్యించాలంటే వాటిని కొంచెం బతిమాలాలి.

నా మిషనుకి మొదట బిగించినది చేత్తో పట్టుకుని చెక్క అంచులు తీర్చే చిన్న ట్రిమ్ రౌటర్. 710 వాట్లు, నిమిషానికి 10,000 నుంచి 30,000 చుట్లు. దాంతో అల్యూమినియం మీద పడ్డాను. కీచుమని అరుపు, కట్టర్ అంచుకి అంటుకుపోయిన లోహం, చివరికి టప్‌మని విరుగుడు. నాలుగు కట్టర్లు పోయాక “మోటారుకి బలం చాలలేదు” అని తీర్మానించుకున్నాను. ఈ తీర్మానం చేసేవాణ్ణి నేనొక్కణ్ణే కాదు. ఈ పనిలో దిగిన ప్రతివాడూ మొదట ఇదే అనుకుంటాడు. 2.2 కిలోవాట్ల కదురు తెప్పించాను.

అది రాగానే రెండు గొడవలు. ఒకటి, దాని బరువు. అయిదు కిలోల దుంగని నా చట్రం మొయ్యలేక ఊగడం మొదలెట్టింది. రెండోది, నా స్వయంకృతం. ఇలాంటి కదుళ్ళకి త్రీ ఫేజ్ మోటారు ఉంటుంది. గోడలోంచి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటుని వి.ఎఫ్.డి. అనే పెట్టె 400 హెర్ట్జ్ దాకా పెంచి దానికి ఇస్తుంది. రెండు ధ్రువాల మోటారు కనక సెకనుకి 400 అంటే నిమిషానికి 24,000 చుట్లు. ఆ మోటారు 400 హెర్ట్జ్ దగ్గర 220 వోల్టులు తీసుకునేలా చేసినది. 200 దగ్గర సగమే ఇవ్వాలి, 100 దగ్గర పావే ఇవ్వాలి. నా పెట్టెలో మూల ఫ్రీక్వెన్సీ 50 అని ఉంది. నేను మార్చలేదు. అంటే 50 హెర్ట్జ్ దగ్గరే నిండు వోల్టేజి, ఇవ్వాల్సినదానికి ఎనిమిది రెట్లు. ఇనుము అయస్కాంతత్వాన్ని ఇక మొయ్యలేక చేతులెత్తేస్తే తీగల్లో కరెంటు వరదలా పారింది. వార్నిష్ కాలిన వాసన గరాజ్ దాటి వంటింటి దాకా వచ్చింది. స్పిండిల్ కొన్నవాళ్ళు మొదట చెయ్యాల్సిన పని ఇదీ: తిప్పే ముందు ఆ సంఖ్య 400 అని ఉందో లేదో చూడటం.

ఈ దేశంలో మెన్స్ షెడ్ అని ఒక మంచి ఏర్పాటు ఉంది. రిటైరైన మగవాళ్ళు ఒకచోట చేరి పనిముట్లతో ఏదో ఒకటి చేసుకుంటూ కబుర్లు చెప్పుకునే షెడ్లు. 1990లలో మొదలై ఊరూరా పాకాయి. 2007లో వాటికి జాతీయ సంఘం కూడా వచ్చింది. మా పేట షెడ్డులో ఒక పెద్దాయన ఉన్నాడు, జీవితమంతా టర్నర్‌గా పనిచేసినవాడు. నా గోడు విని ఆయన మోటారు సంగతి అడగనే లేదు. “నీ మిషను కింద రాలిన చెత్త పట్టుకురా” అన్నాడు. పట్టుకెళ్ళాను. వేళ్ళ మధ్య నలిపి చూశాడు. “ఇది పొడి. నువ్వు కొయ్యడం లేదు, రుద్దుతున్నావు” అన్నాడు.

విషయమంతా అక్కడే ఉంది. కట్టర్ పన్ను ఒక్కో చుట్టుకీ లోహంలోంచి ఒక పెచ్చు లేపాలి. రంపపు పొట్టులాంటిది కాదు, వేలికి తగిలే పెచ్చు. చిన్న మిషను మీద దాని మందం 0.03 నుంచి 0.05 మిల్లీమీటర్లు ఉంటే బాగుంటుంది. ఆ పెచ్చే వేడిని తనతో మోసుకుపోతుంది. పెచ్చు పలచనైపోతే పన్ను లోహంలోకి దిగకుండా పైపైన రాసుకుంటుంది, వేడి అక్కడే ఉండిపోతుంది, మెత్తబడ్డ అల్యూమినియం అంచుకి అతుక్కుంటుంది. ఇక్కడ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరికే పట్టీలు ఎక్కువగా 6060 రకం. అది మెత్తన, ఇంకా త్వరగా అతుక్కుంటుంది.

లెక్క చిన్నదే. నిమిషానికి చుట్లు, కట్టర్‌కి ఉన్న పళ్ళు, పెచ్చు మందం - మూడూ గుణిస్తే మిషను నిమిషానికి ఎంత దూరం కదలాలో వస్తుంది. నేను రెండు పళ్ళ కట్టర్‌ని 30,000 చుట్లు తిప్పుతున్నాను. 0.04 పెచ్చు కావాలంటే నిమిషానికి 2,400 మిల్లీమీటర్లు పరిగెత్తాలి. నా చట్రం అంత వేగంలో వణుకుతుంది కనక 500 దగ్గర ఉంచాను. పెచ్చు కాస్తా 0.008కి పడిపోయింది. అదే ఒంటి పన్ను కట్టర్‌తో 18,000 చుట్లయితే 720 చాలు. అది నా మిషను చెయ్యగలదు.

మరి బలం సంగతి? ఆ 720 వేగంతో, 6 మిల్లీమీటర్ల కట్టర్‌తో, అర మిల్లీమీటరు లోతున గాడి తీస్తే సెకనుకి 36 ఘన మిల్లీమీటర్ల లోహం ఊడుతుంది. అల్యూమినియంలో ఒక ఘన మిల్లీమీటరు ఊడదియ్యడానికి సుమారు 0.8 జౌళ్ళు కావాలి. అంటే దరిదాపు 29 వాట్లు! పెచ్చు సన్నమైతే ఇంకొంచెం ఎక్కువ. పోనీ, రెట్టింపు వేసుకోండి. అయినా సీలింగ్ ఫాను తినేపాటి కరెంటే. నేను బలం చాలలేదని పారేసిన రౌటర్ 710 వాట్లది.

ఇహ వంకర. పెద్దాయన డయల్ గేజి పట్టుకుని మా ఇంటికి వచ్చి, పాత రౌటర్‌లో కట్టర్ పెట్టి చేత్తో తిప్పాడు. ముల్లు 0.08 మిల్లీమీటర్లు ఊగింది. రెండు పళ్ళ కట్టర్ అంత ఊగితే, పెచ్చు మందం అంతకన్నా తక్కువైనప్పుడు ఒక పన్నే మొత్తం పని చేస్తుంది, రెండోది గాలిలో తిరుగుతుంది. రెట్టింపు బరువు మోసే పన్ను విరగక ఏం చేస్తుంది? తప్పు మోటారుది కాదు, కాలెట్‌ది. అంటే కట్టర్‌ని చుట్టూ పట్టి బిగించే చీలికల ఉక్కు గొట్టానిది. మంచి కాలెట్ ఒకటి కొని, లోపల తుడిచి బిగిస్తే ఊగుడు 0.02కి వచ్చింది. మర్నాడు ఒంటి పన్ను కట్టర్‌తో, 18,000 చుట్ల మీద, ఆ పాత రౌటర్ తోనే బ్రాకెట్టు తయారైంది. కింద మెరిసే పెచ్చులు రాలాయి.

అలాగని స్పిండిల్ అక్కర్లేదని కాదు. చిన్న రౌటర్ చెవులు చిల్లులు పడేట్టు అరుస్తుంది, బ్రష్షులు అరుగుతాయి. ఆ తరవాత నేను 1.5 కిలోవాట్ల, 65 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న, నీటితో చల్లబడే కదురు కొన్నాను. కొనేటప్పుడు చూసినవి చెబుతాను. మొదటిది, కాలెట్ దగ్గర ఊగుడు. వీలుంటే గేజి పెట్టి చూడాలి. రెండోది, కాలెట్ సైజు. ఇ.ఆర్. 11 అయితే 7 మిల్లీమీటర్ల దాకా పడుతుంది, మన చట్రాలకి అంతకు మించిన కట్టర్ ఎందుకూ? ఇ.ఆర్. 20 పట్టే 2.2 కిలోవాట్లది బరువైన ఉక్కు చట్రం ఉన్నవాళ్ళకి. మూడోది, చల్లదనం. గాలితో చల్లబడే రకాల్లో ఫాను కదురుకే తగిలించి ఉంటుంది. మనం అల్యూమినియం కోసం వేగం తగ్గిస్తే ఫాను కూడా తగ్గిపోతుంది. జనవరిలో 40 డిగ్రీల గరాజ్‌లో అది మంచిది కాదు. నీళ్ళకి ఆ బెడద లేదు, పక్కింటివాళ్ళకి చప్పుడూ తక్కువ.

నాలుగోది కరెంటు. దీని దగ్గర హాస్యం వద్దు. ఇక్కడి ఇళ్ళలో మామూలు సాకెట్టు 10 ఆంపియర్లది. 2.2 కిలోవాట్ల పెట్టె నిండుగా పనిచేస్తే అది చాలదు. 15 ఆంపియర్ల ప్లగ్గుకి ఎర్తు పుల్ల వెడల్పుగా ఉండేది అది మామూలు సాకెట్టులో దూరకూడదనే. ఆ పుల్లని అరగదీసి దూర్చేవాళ్ళున్నారు. ఆ పని చెయ్యకండి. కొత్త సాకెట్టు లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనే వెయ్యాలి, అది ఇక్కడి చట్టం. ఇంకో సంగతి: చవక కదుళ్ళలో కొన్నిటికి ప్లగ్గులో ఎర్తు పిన్ను ఉంటుంది గాని లోపల అది ఒంటికి కలిపి ఉండదు. ఒంట్లో కరెంటు దిగితే నీళ్ళ గొట్టం పట్టుకున్న చేతికే మొదట తెలుస్తుంది. బిగించే ముందు అదే ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించండి. నాది చేయిస్తే కలిపి లేదని తేలింది.

బ్రాకెట్టు బిగించి రెండేళ్ళయింది. గ్రైండరు తిరుగుతోంది. ఫోనులో చూపిస్తే అమ్మ, “రాయి చప్పుడు పూర్వంలాగే ఉందిరా” అంది. ఈ పనిలో దిగుదామనుకునే వాళ్ళకి నా సలహా ఒకటే. కిలోవాట్ల జాబితా పక్కన పెట్టి, ముందు మీ మిషను కింద రాలినది గుప్పెడు తీసి చూడండి. పొడి అయితే వేగం తగ్గించండి, పన్ను తగ్గించండి, కాలెట్ మార్చండి. అప్పటికీ పెచ్చు రాకపోతే అప్పుడు కొత్త కదురు కొనుక్కోవచ్చు.