ముఖ్యమంత్రి లేని చోట ఎవరిని అడగాలి?

కరోనా వైరస్ రావడానికి మన నాయకులు కారణం కాదు. కానీ అది వచ్చాక ప్రజలను ఎలా కాపాడారో చెప్పవలసింది మాత్రం వారే. దీన్నే పౌరశాస్త్రంలో జవాబుదారీతనం అంటాం.

ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో ఉన్న మన బంధువులకు ఇది తేలికగా అర్థమవుతుంది. అక్కడ ముఖ్యమంత్రి, ఆరోగ్య మంత్రి ఉంటారు. ఆసుపత్రిలో పడక దొరకకపోతే ఎమ్మెల్యేను నిలదీయవచ్చు. శాసనసభలో ప్రతిపక్షం ప్రశ్నిస్తుంది. నచ్చకపోతే ఎన్నికల్లో ఓటుతో మార్చవచ్చు. మన అండమాన్ నికోబార్ దీవుల్లో శాసనసభ లేదు. ముఖ్యమంత్రి లేరు, ఎమ్మెల్యేలు లేరు. మరి ఇక్కడ మహమ్మారి వస్తే ఎవరిది బాధ్యత?

రాజ్యాంగం 239వ అధికరణ ప్రకారం కేంద్రపాలిత ప్రాంతాలను రాష్ట్రపతి తరఫున ఒక పాలనాధికారి పాలిస్తారు. మన దగ్గర ఆయన్ను లెఫ్టినెంట్ గవర్నర్ అంటాం. 2020లో ఆ పదవిలో ఉన్నవారు విశ్రాంత అడ్మిరల్ డి.కె. జోషి. ఆయన మన ఓట్లతో ఎన్నికైనవారు కారు, కేంద్రం నియమించినవారు. కేంద్రంలో కేంద్రపాలిత ప్రాంతాల వ్యవహారాలు చూసేది హోం మంత్రిత్వ శాఖ. 75వ అధికరణ ప్రకారం కేంద్ర మంత్రివర్గం మొత్తం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహిస్తుంది. ఆ సభలో మన దీవులకు ఉన్నది ఒకే ఒక్క సీటు. అంటే దాదాపు నాలుగు లక్షల మంది తరఫున అడగడానికి అక్కడ ఒక్కరే ఉంటారు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయం తీసేసి, రాతపూర్వక ప్రశ్నలనే అనుమతించారు. ఒకే గొంతు ఉన్న మనలాంటి ప్రాంతానికి అలాంటి మార్పు చిన్న విషయం కాదు.

చట్టాలు ఏమంటున్నాయో కూడా చూద్దాం. బొంబాయి ప్లేగు సమయంలో, 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. అది ప్రభుత్వానికి అధికారాలు ఇచ్చింది కానీ, ప్రజల పట్ల దాని విధులేమిటో పెద్దగా చెప్పలేదు. మన దీవులను అతలాకుతలం చేసిన 2004 సునామీ తర్వాత, 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. జాతీయ సంస్థకు ప్రధానమంత్రి, రాష్ట్ర సంస్థకు ముఖ్యమంత్రి, శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతంలో లెఫ్టినెంట్ గవర్నర్ లేదా పాలనాధికారి అధ్యక్షులుగా ఉండాలని అందులో రాశారు. 2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించింది ఈ చట్టం కిందే. ఇదే చట్టం 12వ సెక్షన్ ఆధారంగా 2021 జూన్ 30న సుప్రీంకోర్టు, కరోనాతో చనిపోయినవారి కుటుంబాలకు సాయం అందించే మార్గదర్శకాలు రూపొందించాలని ఆదేశించింది. ఆ తర్వాతే ఒక్కో కుటుంబానికి 50,000 రూపాయలు ఖరారయ్యాయి. అధికారం ఇచ్చిన చట్టమే బాధ్యతనూ గుర్తుచేసింది.

నాయకుల పనిని కొలవడానికి రెండు ప్రశ్నలు వేసుకోవచ్చు. మొదటిది, ముందే సిద్ధంగా ఉన్నారా? ఇల్లు కాలుతుంటే బావి తవ్వితే లాభం లేదు. చెన్నై మనకు సముద్రం మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం, ఓడలో రోజుల ప్రయాణం. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే నేటి శ్రీ విజయపురంలో, భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం ఎప్పటినుంచో ఉండబట్టే కరోనా పరీక్షలు ఇక్కడే చేయగలిగారు. ఎన్నో ఏళ్ల క్రితం తీసుకున్న నిర్ణయం ఆ రోజు అక్కరకు వచ్చింది.

రెండోది, అందరికన్నా బలహీనుల్ని కాపాడారా? గ్రేట్ అండమానీలు ఒకప్పుడు వేలల్లో ఉండేవారు. బ్రిటిష్ వారు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టాక బయటి జబ్బులు వారిని చుట్టుముట్టాయి. 1877లో వచ్చిన తట్టు వ్యాధి ఎంతోమందిని బలి తీసుకుంది. 1961 జనగణన నాటికి మిగిలింది 19 మంది. ఆనాటి పాలకులను అడిగే మార్గం ఆ ప్రజలకు లేదు. 2020 ఆగస్టులో కరోనా మళ్లీ అదే తెగను తాకింది. యాభై మందికి కాస్త పైగా ఉన్న ఆ తెగలో పది మందికి సోకింది. వైద్య బృందం స్ట్రెయిట్ దీవికి వెళ్లి పరీక్షలు చేసింది, సోకినవారికి చికిత్స అందింది. ఇది మెచ్చుకోదగిన పని. అయితే అంత చిన్న తెగ దాకా వైరస్ ఎలా చేరిందన్న ప్రశ్న కూడా అడగవలసిందే.

మనకు ముఖ్యమంత్రి లేకపోయినా అడిగే దారులు ఉన్నాయి. పార్లమెంటు సభ్యునికి ఉత్తరం రాయవచ్చు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచ్ మన ఊళ్లోనే ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాక ఓటు ఎలాగూ ఉంటుంది. మన ఆసుపత్రిలో ఎన్ని ఆక్సిజన్ పడకలున్నాయి, దూర దీవుల నుంచి రోగిని తేవడానికి ఏ ఏర్పాటు ఉంది అని అడగడానికి మరో మహమ్మారి వచ్చేదాకా ఆగనక్కరలేదు. అది ఇప్పుడే అడగవలసిన ప్రశ్న.